స్థానబలం కేకల్లో ఉందా?

"మా ఊళ్ళో ఆడితే గెలుపు మాదే!"

ఆటల పోటీలు దగ్గరపడే రోజుల్లో ఏ బడికి వెళ్ళినా ఈ మాట వినబడుతుంది. మీరూ అనే ఉంటారు. ఇది ఉత్త ధీమాయేనా, లేక ఇందులో నిజం ఏమైనా ఉందా? ఉంటే ఆ బలం ఎక్కడినుంచి వస్తుంది? ఈ సంగతి ఈ నెల చూద్దాం.

ఒక చిన్న ఊహతో మొదలుపెడదాం. జగ్గయ్యపేట పిల్లల జట్టు, నందిగామ పిల్లల జట్టు బాస్కెట్‌బాల్ ఆడుతున్నాయనుకోండి. ఈ రెండు ఊళ్ళూ కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలోవి. 2022లో జిల్లాలను విడదీసినప్పుడు ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాయి. రెంటికీ మధ్య దూరం సుమారు 30 కిలోమీటర్లు. మొదటి ఆట జగ్గయ్యపేటలో జరిగింది, జగ్గయ్యపేట గెలిచింది. రెండో ఆట నందిగామలో జరిగింది; నందిగామ గెలిచింది. ఆడినవాళ్ళు అదే పదిమంది. బంతి అదే. రింగు ఎత్తు రెండుచోట్లా అదే 10 అడుగులు. మరి ఫలితం ఎందుకు తిరగబడింది?

పెద్దలు దీనికి చక్కని పేరే పెట్టారు: స్థానబలం. పేరు పెట్టినంత మాత్రాన కారణం తెలిసినట్టు కాదు గదా! కాగితం తీసుకుని, మీకు తోచిన కారణాలు రాయండి. బహుశా ఈ నాలుగూ వస్తాయి.

ఒకటి, ప్రయాణం. వచ్చిన జట్టు బస్సులో కుదుపులు తిని అలిసిపోయి ఉంటుంది. రెండు, అలవాటు. సొంత కోర్టులో నేల ఎక్కడ గరుకో, సాయంత్రం ఎండ ఏ పక్కనుంచి కంట్లో పడుతుందో ఆ ఊరివాళ్ళకు తెలుసు. మూడు, జనం. చుట్టూ నిలబడి అరిచేవాళ్ళందరూ ఒక పక్షమే. నాలుగు, రిఫరీ. ఆ జనం మధ్య నిలబడి విజిలు ఊదేవాడు ఆయనే.

ఈ నాలుగూ ఒకే ముడిలో చిక్కుకున్న నాలుగు దారాలు. సొంత ఊళ్ళో ఆడినప్పుడు నాలుగూ కలిసే వస్తాయి. ఏ దారం ఎంత బలమైనదో తెలియాలంటే ఏం చెయ్యాలి?

మీ పాఠంలోని చిక్కుడు గింజ ప్రయోగం గుర్తు తెచ్చుకోండి. మొలకకు వెలుతురు అవసరమా, కాదా అని తెలుసుకోవడానికి రెండు కుండీలు తీసుకుంటాం. మట్టి, నీళ్ళు, వేడి రెంటికీ సమానంగా ఇస్తాం. ఒకదాన్ని మాత్రం చీకట్లో పెడతాం. అంటే ఒక్క కారణాన్ని తీసేసి, తక్కినవన్నీ అలాగే ఉంచుతాం. ఆటలోనూ అంతే. తక్కిన మూడూ ఉండాలి, జనం మాత్రం ఉండకూడదు. కాని టిక్కెట్లు అమ్ముకుని ఆడే వృత్తి క్రీడల్లో జనాన్ని బయటపెట్టి తలుపులు మూసేవాళ్ళెవరు? చాలాకాలం ఆ ప్రయోగం కుదరలేదు. అది ఎలా కుదిరిందో చెప్పేముందు ఒక జాగ్రత్త.

నాలుగైదు ఆటలు చూసి నమ్మకండి

2008లో ఐ.పి.ఎల్. క్రికెట్ మొదలైనప్పుడు హైదరాబాదు జట్టు పేరు డెక్కన్ ఛార్జర్స్. ఆ ఏడాది ఆ జట్టు 14 ఆటలు ఆడింది. 7 సొంతగడ్డ హైదరాబాదులో, 7 బయట. హైదరాబాదులో ఆడిన ఏడూ ఓడిపోయింది! గెలిచినవి రెండే, ఒకటి నవీ ముంబయిలో, ఒకటి చెన్నైలో. మరుసటి ఏడాది మన దేశంలో ఎన్నికలు రావడంతో పోటీలన్నీ దక్షిణాఫ్రికాలో జరిపారు. అక్కడ ఎవరికీ సొంతగడ్డ లేదు. ఆ 2009లోనే డెక్కన్ ఛార్జర్స్ విజేత అయింది! మే 24న జొహానెస్‌బర్గ్‌లో జరిగిన ఫైనల్లో బెంగుళూరు జట్టును 6 పరుగుల తేడాతో ఓడించింది.

"అయితే సొంత ఊరు శాపమన్నమాట" అనేస్తారేమో! ఆగండి. లెక్క చేద్దాం.

14 చీటీలు చెయ్యండి. ఏడింటిమీద 'ఇల్లు' అనీ, ఏడింటిమీద 'బయట' అనీ రాసి డబ్బాలో వేసి కలపండి. ఆ జట్టు ఆ ఏడు బలహీనంగా ఉండి రెండే గెలిచింది కాబట్టి, కళ్ళు మూసుకుని రెండు చీటీలు తియ్యండి. రెండూ 'బయట' అని వచ్చే అవకాశం ఎంత? మొదటి చీటీకి 14లో 7. అది వచ్చాక రెండోదానికి 13లో 6. రెంటినీ గుణిస్తే 13లో 3 వంతులు, అంటే నూటికి సుమారు 23. ఏ శాపమూ లేకుండానే, ఊరికే చీటీల వల్లే, నాలుగుసార్లలో దాదాపు ఒకసారి ఇలా జరగవచ్చు. ఇలాంటి చిన్న లెక్కనుంచి పెద్ద మాట చెప్పకూడదు. స్థానబలం తెలియాలంటే పదులు చాలవు, వందలు వేల ఆటలు కావాలి.

వేల ఆటలు ఉన్నచోటికి వెళదాం

అలాంటి పెద్ద లెక్క దొరికే చోటు అమెరికాలోని వృత్తి బాస్కెట్‌బాల్ సంఘం, ఎన్.బి.ఎ. అక్కడ 30 జట్లు. మామూలు ఏడాదిలో ఒక్కో జట్టు 82 ఆటలు ఆడుతుంది. 41 సొంత ఊళ్ళో, 41 పై ఊళ్ళలో. మొత్తం కలిపితే ఏడాదికి 1,230 ఆటలు. ప్రతి ఆటలో ఎవరు ఎన్ని వేశారు, ఎవరిమీద ఎన్ని ఫౌళ్ళు అన్నదంతా రాసిపెడతారు.

ఈ ఆట పుట్టిన కథ మన డ్రిల్లు మాస్టార్లకు ఇష్టమైనది. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు, చలికాలం బయట ఆడలేని కుర్రాళ్ళకోసం గదిలో ఆడే ఆట ఒకటి కనిపెట్టాడు. పీచ్ పండ్ల బుట్టలు రెండు తెచ్చి బాల్కనీకి కొట్టించాడు. బుట్ట అడుగు తీసెయ్యలేదు కాబట్టి, పడిన బంతిని పైకెక్కి తీసుకోవలసి వచ్చేది! ఆ బుట్టే ఆటకు పేరయింది.

సరే, వేల ఆటల లెక్క ఏమంటుంది? సొంత ఊరి జట్టు సగానికంటె ఎక్కువే గెలుస్తుంది. 1970లు, 80లలో నూటికి 60కి పైనే గెలిచేవి. తరువాత ఆ తేడా నెమ్మదిగా తగ్గుతూ వచ్చింది, కాని పోలేదు. కాబట్టి స్థానబలం ఉన్నమాట నిజం. ఇక అది ఏ దారంలో ఉందన్నదే ప్రశ్న.

కోటి రెట్ల కేక

జనం సంగతి చూద్దాం. బాస్కెట్‌బాల్ మూసిన హాలులో ఆడతారు. మైదానంలో అరిస్తే శబ్దం నాలుగు దిక్కులా పోతుంది. హాలులో గోడలకూ కప్పుకూ తగిలి తిరిగి వస్తుంది. పెనుగంచిప్రోలు తిరపతమ్మ తిరునాళ్ళలో జనం చేసే సందడినంతా తెచ్చి ఒక గదిలో పెట్టి తలుపులు వేసినట్టు ఊహించుకోండి.

శబ్దాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు. మనం మామూలుగా మాట్లాడుకుంటే సుమారు 60. 2017లో కాన్సాస్ విశ్వవిద్యాలయం బాస్కెట్‌బాల్ హాలులో ప్రేక్షకులు అరిచిన అరుపు 130 దాటింది. "60కి రెట్టింపు కంటె కాస్త ఎక్కువ, అంతేగదా" అనుకోకండి. డెసిబెల్ లెక్క వేరు. 10 పెరిగితే శబ్దశక్తి 10 రెట్లవుతుంది. 20 పెరిగితే 100 రెట్లు. 60నుంచి 130కి తేడా 70. అంటే ఏడుసార్లు పదితో గుణించాలి. ఎంతయింది? కోటి రెట్లు!

ఇంత హోరులో పై ఊరి ఆటగాడి చెయ్యి వణకదా? దీన్ని పరీక్షించడానికి ఆటలోనే ఒక ఏర్పాటుంది: ఫ్రీ త్రో. ఫౌల్ జరిగినప్పుడు ఆటగాడు బోర్డుకు 15 అడుగుల దూరంలోని గీత దగ్గర నిలబడి బంతి వేస్తాడు. ఎవరూ అడ్డురారు. దూరం మారదు, ఎత్తు మారదు. బంతి వెయ్యడంలో రిఫరీ తీర్పుతో పనిలేదు. ఉన్నది ఆటగాడు, రింగు, జనం, అంతే. పై ఊరివాడు వేసేటప్పుడు రింగు వెనకాల కూర్చున్నవాళ్ళు చేతులూపుతారు, అరుస్తారు, వెక్కిరిస్తారు. సొంత ఊరివాడు వేసేటప్పుడు అందరూ గప్‌చుప్‌గా కూర్చుంటారు. జనానికి చెయ్యి వణికించే శక్తి ఉంటే ఇక్కడ బయటపడి తీరాలి.

టోబియాస్ మాస్కోవిట్జ్, జాన్ వర్తైమ్ అనే ఇద్దరు 2011లో ప్రచురించిన తమ పుస్తకంలో రెండు దశాబ్దాల ఎన్.బి.ఎ. ఫ్రీ త్రోల లెక్క ఇచ్చారు. సొంత ఊరివాళ్ళు నూటికి దాదాపు 76 వేశారు. పై ఊరివాళ్ళు ఎన్ని వేశారనుకుంటున్నారు? వాళ్ళూ దాదాపు 76!

ఆశ్చర్యంగా లేదూ? అంత గోలా ఆ చేతిని కదిలించలేకపోయింది. అయితే జనం ప్రభావం సున్నా అనుకోవాలా? తొందరపడకూడదు. ఫ్రీ త్రోలో లేదంటే, ఆటలో మరోచోట ఉండవచ్చు. అది తేలాలంటే ఖాళీ హాలు కావాలి.

తలుపులు మూసిన రోజులు

2020లో కరోనా వచ్చింది. మీ బడులు మూతపడ్డట్టే ఆటలూ ఆగిపోయాయి. కొన్నాళ్ళకు ఆటలు మళ్ళీ మొదలుపెట్టారు, కాని ప్రేక్షకులను రానివ్వలేదు. ఏ శాస్త్రజ్ఞుడూ అడగలేని ప్రయోగం, ఎవరూ కోరుకోని కారణంవల్ల జరిగింది.

ఎన్.బి.ఎ.లో అది రెండు అంచెలుగా జరిగింది. మొదటి అంచె 2020 జూలై ఆఖరునుంచి అక్టోబరు దాకా. 22 జట్లను ఫ్లోరిడాలోని డిస్నీ విహారస్థలంలో ఒకేచోట ఉంచి, అక్కడే ఆడించారు. బయటివాళ్ళు లోపలికి రాకుండా కట్టడి చేశారు కాబట్టి దానికి 'బుడగ' అని పేరు వచ్చింది. అక్కడ 'సొంత జట్టు' అనేది కాగితంమీద మాటే.

బుడగలో ఆటలు చూసి జనం సంగతి తేల్చవచ్చా? చిక్కుడు గింజను తలచుకుని ఆలోచించండి. తేల్చలేం! ఎందుకంటే అక్కడ జనమూ లేరు, ప్రయాణమూ లేదు, సొంత కోర్టూ లేదు. మూడు దారాలు ఒక్కసారే తెంపేశారు. గింజకు వెలుతురుతో పాటు నీళ్ళూ మానేసి, "మొలవలేదు కాబట్టి వెలుతురు కావాలి" అన్నట్టు ఉంటుంది.

అసలు ప్రయోగం రెండో అంచెలో జరిగింది. 2020 డిసెంబరులో కొత్త ఏడు మొదలైంది. జట్లు మళ్ళీ ఊరూరూ తిరిగాయి. బోస్టన్ జట్టు లాస్ ఏంజెలిస్ వెళ్ళాలంటే 4,000 కిలోమీటర్ల పైన ప్రయాణం, గడియారంలో 3 గంటల తేడా. ప్రయాణం ఉంది, సొంత కోర్టు ఉంది, రిఫరీలు ఉన్నారు. కాని కొన్ని ఊళ్ళలో హాలు ఖాళీ. కొన్ని ఊళ్ళలో పరిమితంగా జనాన్ని రానిచ్చారు. ఒక్క దారం మాత్రమే మారింది.

ఆ ఏడు జరిగిన 1,080 ఆటలను ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్క తీసి 2022లో ప్రచురించారు. జనం ఉన్న ఆటల్లో సొంత జట్టు నూటికి 58, 59 దాకా గెలిచింది. జనం లేని ఆటల్లో? నూటికి 50, 51. అంటే బొమ్మా బొరుసూ వేసినట్టే! ప్రయాణం ఉన్నా, అలవాటైన కోర్టు ఉన్నా, జనం లేకపోయేసరికి స్థానబలం దాదాపు మాయమైంది.

ఇంకో సంగతి కూడా వాళ్ళు గమనించారు. రింగుకు తగిలి వెనక్కి వచ్చిన బంతిని దొరకబుచ్చుకోవడాన్ని రీబౌండు అంటారు. అందులో నేర్పుతో పాటు తెగించి ఎగరడం, తోసుకుని ముందుకు రావడం ఎక్కువ. జనం ఉన్నప్పుడు సొంత జట్టు ఈ బంతులను ఎక్కువగా దక్కించుకుంది. జనం లేనప్పుడు ఆ మొగ్గు పోయింది. ఫ్రీ త్రోలో కనబడని జనం ఇక్కడ కనబడ్డారు! కేక చేతి గురిని మార్చలేదు. కాలి పరుగును మార్చిందన్నమాట.

ఒక మాట మరవకండి. ఏ ఆటకు జనం ఉండాలో, ఏ ఆటకు వద్దో చీటీలు వేసి నిర్ణయించలేదు. ఆయా ఊళ్ళ నియమాలను బట్టి, రోజులు గడిచినకొద్దీ జనాన్ని రానిచ్చారు. కాబట్టి ఇది మన కుండీల ప్రయోగమంత శుభ్రమైనది కాదు. అందుకే మరోచోట కూడా ఇలాగే జరిగిందా అని చూడాలి.

జర్మనీ ఫుట్‌బాల్ పోటీలు 2020 మేలో ఖాళీ మైదానాల్లో తిరిగి మొదలయ్యాయి. అంతకుముందు ఆ ఏడు సొంత జట్లు నూటికి సుమారు 43 ఆటలు గెలిచేవి. జనం లేకుండా ఆడిన ఆటల్లో అది సుమారు 33కు పడిపోయింది. (ఫుట్‌బాల్‌లో సమానంగా ముగిసే ఆటలు చాలా ఉంటాయి గనుక 50తో పోల్చకండి.) పలు దేశాల ఫుట్‌బాల్ ఆటలను పరిశీలించినవాళ్ళకు మరో విశేషం దొరికింది. జనం ఉన్నప్పుడు పై ఊరి జట్టుకు పడే పసుపు కార్డులు, జనం లేనప్పుడు బాగా తగ్గాయి.

పసుపు కార్డు ఇచ్చేది ఎవరు? రిఫరీ! ఇప్పుడు మన నాలుగో దారం చేతికి వచ్చింది.

విజిలు ఎందుకు ఆగింది?

"రిఫరీలు పక్షపాతం చేస్తారు" అని కోపగించుకోకండి. ఈ ప్రయోగం చూడండి. ఇంగ్లండులో అలన్ నెవిల్, అతని తోటి పరిశోధకులు 2002లో దీన్ని ప్రచురించారు. ఒక ఫుట్‌బాల్ ఆటలోని 47 సంఘటనలను, రిఫరీలుగా అర్హత పొందిన 40 మందికి తెరమీద చూపించారు. ప్రతిసారీ "ఇది ఫౌలా, కాదా?" అని అడిగారు. కొందరికి ప్రేక్షకుల హోరుతో సహా చూపించారు. తక్కినవాళ్ళకు శబ్దం తీసేసి చూపించారు. బొమ్మ ఒకటే. తేడా చెవికి మాత్రమే.

హోరు విన్నవాళ్ళు సొంత జట్టుమీద ఇచ్చిన ఫౌళ్ళు, నిశ్శబ్దంగా చూసినవాళ్ళకంటె నూటికి 15కి పైగా తగ్గాయి. వాళ్ళు తమ తీర్పుల్లో ఎక్కువగా తటపటాయించారు కూడా.

గమనించారా? ఆ గదిలో వాళ్ళను బెదిరించేవాళ్ళు ఎవరూ లేరు. ఏ జట్టు గెలిస్తే వాళ్ళకేమిటి? వాళ్ళు కావాలని తప్పు చెయ్యలేదు. కళ్ళ ముందు జరిగింది ఫౌలో కాదో క్షణంలో తేల్చాలి. చూపు ఒక్కటే తేల్చలేనప్పుడు, మెదడు చెవిలో పడే సమాచారాన్ని కూడా కలుపుకుంటుంది. వేలమంది "ఓ!" అని అరిస్తే ఏదో జరిగిందనిపిస్తుంది. అందరూ ఊరుకుంటే ఏమీ కాలేదనిపిస్తుంది. జనం ఎప్పుడు అరుస్తారు? తమవాడు పడ్డప్పుడు. ఎప్పుడు ఊరుకుంటారు? తమవాడు పడేసినప్పుడు!

బొద్దింకలకు ప్రేక్షకులు

మరి ఆటగాడి పరుగు పెరగడం ఎందుకు? ఈ ప్రశ్న పాతదే. 1898లో అమెరికాలో నార్మన్ ట్రిప్లెట్ అనే ఆయన, సైకిలు పందాల్లో ఒంటరిగా తొక్కినప్పటికంటె పక్కన పోటీదారు ఉన్నప్పుడు వేగం ఎక్కువని లెక్కల్లో చూసి, 40 మంది పిల్లలచేత గాలపు చక్రాలు తిప్పించాడు. ఒకసారి ఒంటరిగా, ఒకసారి పక్కన మరొకరు తిప్పుతుండగా. 20 మంది వేగం పెరిగింది. 10 మందికి పెద్ద తేడా రాలేదు. 10 మంది తడబడ్డారు!

పక్కన మనిషి ఉంటే కొందరికి మేలు, కొందరికి కీడు ఎందుకు? 1965లో రాబర్ట్ జాయన్స్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు దీనికి ఒక సమాధానం ప్రతిపాదించాడు. చుట్టూ తోటివాళ్ళు ఉంటే శరీరంలో ఉద్రేకం పెరుగుతుంది. ఉద్రేకం పెరిగితే, బాగా అలవాటైన పని ఇంకా వేగంగా వస్తుంది. కొత్త పని, చిక్కు పని మాత్రం చెడిపోతుంది.

1969లో ఆయనా, సహచరులూ దీన్ని వేటిమీద పరీక్షించారో తెలుసా? బొద్దింకలమీద! వెలుగంటే బొద్దింకకు పడదు, చీకట్లోకి పారిపోతుంది. దీపం వెలిగించి, పారిపోవడానికి ఒకచోట తిన్నని దారి పెట్టారు, మరోచోట మలుపు తిరగవలసిన చిక్కు దారి పెట్టారు. దారి పక్కన పారదర్శకమైన పెట్టెల్లో మరికొన్ని బొద్దింకలను కూర్చోబెట్టారు. అవే ప్రేక్షకులు! ప్రేక్షకులున్నప్పుడు తిన్నని దారిలో బొద్దింక ఇంకా వేగంగా పరుగెత్తింది. చిక్కు దారిలో ఆలస్యం చేసింది.

ఇప్పుడు ఫ్రీ త్రో మళ్ళీ తలచుకోండి. ఏళ్ళ తరబడి రోజూ వందలసార్లు వేసిన ఆటగాడికి అది తిన్నని దారి. హోరు అతన్ని చెడగొట్టలేకపోయింది. మొన్ననే నేర్చుకున్న మీకు అది చిక్కు దారి. చుట్టూ పదిమంది నిలబడితేనే చెయ్యి బిగుసుకుంటుంది. దానికి సిగ్గుపడనక్కరలేదు. అది పిరికితనం కాదు. అలవాటు ఇంకా ముదరలేదంతే. కొత్త పని ఒంటరిగా, ఎవరూ చూడకుండా నేర్చుకోండి. చెయ్యి తిరిగాక నలుగురి ముందుకు తీసుకురండి. బాస్కెట్‌బాల్‌కే కాదు, వేదికమీద పద్యం చదవడానికీ ఇదే దారి.

మన కోర్టులోకి వద్దాం

మళ్ళీ జగ్గయ్యపేట, నందిగామ జట్ల దగ్గరకు రండి. 30 కిలోమీటర్ల ప్రయాణం ఎంతమాత్రం కాదు. గంటలోపు బస్సు దిగుతారు. వృత్తి ఆటగాళ్ళు 4,000 కిలోమీటర్లు వెళ్ళి ఆడినప్పుడే, జనం లేకపోతే ఆట దాదాపు సమానమైంది. కాబట్టి మన ఊహలో ఫలితం తిరగబడిందంటే, ముందు అనుమానించవలసింది బస్సును కాదు, గీత పక్కన నిలబడ్డ మనల్ని!

ఇది చిన్న సంగతి కాదు. వచ్చిన జట్టులో ఒక అమ్మాయి ఉందనుకోండి. ఏడాదంతా తెల్లవారుజామున లేచి సాధన చేసింది. ఈ ఆట గెలిస్తే జిల్లా పోటీలకు వెళుతుంది. ఆఖరు నిమిషంలో మనవాళ్ళు ఆమెను తోశారు. మనం గుంపుగా "ఫౌల్ కాదు!" అని అరిచాం. విజిలు మోగలేదు. రిఫరీ కళ్ళారా చూసిందే చెప్పాననుకుంటాడు. ఆమె మాత్రం ఇంటికి వెళ్ళిపోతుంది. మన కేక ఆడింది, ఆమె ఓడింది.

అయితే నోరు మూసుకు కూర్చోవాలా? అక్కరలేదు. మనవాళ్ళు బాగా ఆడితే హుషారుగా అరవండి. పరుగుకు కేక బలమిస్తుందని లెక్కలే చెబుతున్నాయి. తీర్పు చెప్పే క్షణంలో మాత్రం రిఫరీ చెవిలో అరవకండి. అవతలివాళ్ళు మంచి గోలు వేస్తే చప్పట్లు కొట్టండి. వీలైతే రెండు ఊళ్ళ ప్రేక్షకులూ వచ్చేలా చూడండి. రెండు పక్కలా కేక ఉంటే తాసు మొగ్గదు. ఒక ఆట మీ ఊళ్ళో, ఒక ఆట వాళ్ళ ఊళ్ళో పెట్టుకుంటే మరీ మంచిది.

మీరు చేసి చూడండి

కావలసినవి: ఒక బుట్ట లేదా బాల్చీ, ఒక బంతి, సుద్దముక్క, కాగితం, పెన్సిలు, కనీసం 20 మంది పిల్లలు.

బుట్టను గోడ దగ్గర పెట్టండి. దానికి 8 అడుగుల దూరంలో సుద్దతో గీత గీయండి. ఒక్కొక్కరు 10 సార్లు ఒంటరిగా, 10 సార్లు తరగతి అంతా చుట్టూ నిలబడి అరుస్తుండగా వెయ్యాలి. ఒంటరిగా వేసేటప్పుడు లెక్క రాసేవాడు ఒక్కడే, వెనకాల కనబడకుండా కూర్చోవాలి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. అందరూ ముందు ఒంటరిగా వేసి తరువాత జనంలో వేస్తే, రెండోసారి చెయ్యి అలవాటుపడి ఎక్కువ పడతాయి. అది జనం మహిమ అనుకుంటారు! అందుకని చీటీలు వేసి, సగంమంది ముందు ఒంటరిగా, సగంమంది ముందు జనంలో వేసేలా పంచుకోండి.

పట్టీలో మూడు గళ్ళు గీయండి: ఒంటరిగా ఎన్ని, జనంలో ఎన్ని, తేడా ఎంత. తరువాత పిల్లలను రెండు గుంపులు చెయ్యండి. ఒంటరిగా ఎక్కువ వేసినవాళ్ళు ఒక గుంపు, తక్కువ వేసినవాళ్ళు రెండో గుంపు. జనం ముందు ఏ గుంపు మెరుగుపడింది? ఏ గుంపు తడబడింది? బొద్దింకల ప్రయోగంలో చూసిందే మీ తరగతిలోనూ కనబడిందా?

వారం తరువాత, అందరూ బాగా సాధన చేశాక, ఇదే మళ్ళీ చేసి రెండు పట్టీలూ పక్కపక్కన పెట్టి చూడండి. మీరనుకున్నట్టు రాకపోతే అంకెలు దిద్దకండి. వచ్చినవి వచ్చినట్టే రాసి, మీ సైన్సు మాస్టారికి చూపించండి.